తిరిగేదానికి బొట్టు పెట్టొద్దు

కొత్తగా పత్రికల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, మీరు చూసిన పెద్ద సంఘటన ఏదైనా చెప్పండి సార్ అంటారు. వరదల గురించో, ఎన్నికల గురించో చెబుతాననుకుని ఫోను రికార్డింగులో పెట్టి నా ముందు ఉంచుతారు. నేను ఒక ప్లగ్గు గురించి చెబుతాను. కొందరు మర్యాదకు చివరిదాకా వింటారు.

అప్పుడు నేను వనపర్తిలో ఒక దినపత్రిక డెస్కు ఇన్‌చార్జిని. కొత్త జిల్లాలు వచ్చి కొన్నేళ్లయింది. డెస్కు అంటే పెద్దగా ఊహించుకోకండి. బస్టాండుకు దగ్గరలో ఒక మేడ మీద రెండు గదులు. ఒక దాంట్లో విలేకరుల కుర్చీలు, రెండో దాంట్లో ఒకే ఒక్క కంప్యూటర్. మండలాల నుంచి వచ్చిన వార్తలు నేను దిద్దితే, వాటిని జిల్లా పేజీగా పేర్చి సాయంత్రానికి హైదరాబాద్ హెడ్డాఫీసుకు పంపేది మా ఆపరేటరు. ఆయన్ని మేనేజరు నుంచి పేపరు ఏజెంటు దాకా అందరూ భాయ్ అనే పిలిచేవారు.

భాయ్‌ది ఆత్మకూరు. అక్కడ ఆయనకు గాజుల దుకాణం ఉంది. పొద్దున ఆయన కూర్చునేవాడు, మధ్యాహ్నం బస్సెక్కే ముందు భార్యకు అప్పగించి వచ్చేవాడు. ఎంత ఇరుకు గాజైనా ఆయన చేతిలో చిట్లదని ఆత్మకూరు ఆడవాళ్లకు నమ్మకం. కీబోర్డు మీద కూడా ఆ చెయ్యి అంతే మెత్తగా పడేది. పక్కన కూర్చున్నవాడికి టైపు చేస్తున్న చప్పుడే వినిపించేది కాదు.

ఇంకొకాయన మా అటెండర్. వయసులో అందరికన్నా పెద్ద కాబట్టి పెద్దాయన అనేవాళ్లం. మా దగ్గరికి రాకముందు ఆయన వేరుశనగ నూనె మిల్లులో పనిచేశాడు. ఆ మిల్లు మూతపడింది గానీ మిల్లు నియమాలు ఆయనలో మూతపడలేదు. వాటిలో మొదటిది: తిరిగేదానికి బొట్టు పెట్టొద్దు. దసరా నాడు ఆయుధపూజకు మిల్లులో చక్రాలన్నీ ఆపి, బెల్టులు తీసి, అప్పుడే కుంకుమ పెట్టేవారట. తిరుగుతున్న చక్రం మీద బొట్టు పెట్టబోయి వేలు పోగొట్టుకున్నవాడి కథ ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఏడాదికోసారి, సరిగ్గా మేం పూజ ప్రసాదం తినే వేళకు చెప్పేవాడు.

దసరాకు పత్రికకు సెలవు. మరునాడు పేపరు రాదు. అందుకే భాయ్ ముందురోజు సాయంత్రం ఇంటికి వెళ్తూ కంప్యూటర్లో చివరి అప్‌డేటు పెట్టి వెళ్లాడు. దాని వెనక కొంత కథ ఉంది. భద్రతా అప్‌డేట్లన్నీ ఎక్కని మెషీన్ల నుంచి పేజీలు తీసుకోబోమని హెడ్డాఫీసు హుకుం జారీచేసింది. మా మేడ మీదికి వచ్చే ఇంటర్నెట్టు మా ఊరి నల్లా నీళ్ల లాంటిది. వచ్చినప్పుడు పట్టుకోవాలి. భాయ్ ఒక్కో అప్‌డేటునూ వారాల తరబడి పట్టి, ఆ మెషీనులో నింపాడు. ఇంకొక్కటే మిగిలింది. సెలవు రోజు తీరిగ్గా ఎక్కుతుందనుకున్నాడు.

పండగ పొద్దున నేను మెట్ల మీద కొబ్బరికాయ కొట్టే పనిలో ఉన్నాను. పెద్దాయన కుంకుమ పళ్లెంతో కంప్యూటర్ గదిలోకి వెళ్లాడు. తెర మీద చుక్కల చక్రం ఒకటి గిరగిరా తిరుగుతోంది. కింద ఇంగ్లీషులో కంప్యూటర్‌ను ఆపవద్దని రాసి ఉంది. ఆయన చక్రం చూశాడు, అక్షరాలు చూడలేదు. పెట్టెకు చెవి పెట్టి వింటే లోపల ఫ్యాను కూడా తిరుగుతోంది. మిల్లు మనిషి కదా, గోడకున్న ప్లగ్గు పీకేశాడు. కింద, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ పెట్టె కుయ్యిమని మొత్తుకుంది గానీ కంప్యూటర్ ఆగలేదు. చాలా మొండిదనుకుని బ్యాటరీ పెట్టె మీటా నొక్కేశాడు. అప్పుడు అంతా నిశ్శబ్దమైంది. ఆయన తృప్తిగా తెరకు, పెట్టెకు, ఎలుకకు వరసగా బొట్లు పెట్టాడు. నేను హారతి ఇచ్చాను. అంతకన్నా శాంతంగా ఉన్న కంప్యూటర్ను నేను మళ్లీ చూడలేదు.

మరునాడు మధ్యాహ్నం భాయ్ వచ్చి మీట నొక్కాడు. మెషీను లేచింది, కానీ జ్వరం తగ్గని మనిషిలా లేచింది. పేజీ పెట్టే సాఫ్ట్‌వేర్ తెరుచుకుని, మమ్మల్ని ఒకసారి చూసి, మూసుకుంది. తెలుగు అక్షరాలు కొన్ని డబ్బాలుగా కనిపించాయి. పేజీలు పంపే కిటికీ అసలు రానే లేదు.

“నిన్న దీన్ని ఎవరన్న ముట్టిండ్రా సార్?” అన్నాడు భాయ్.

“ముట్టుడేంది, పూజ చేసినం. మంచిగనే అయింది గద,” అన్నాడు పెద్దాయన. “జర మొండికేసింది గానీ, ఆపిన.”

“ఆపినవా?”

“తిరుగుతుండె భాయ్. తిరిగేదానికి బొట్టెట్ల పెడ్తం?”

భాయ్ కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి వాలి, చిట్లిన గాజును చూసినట్టు ఆ తెరను చూస్తూ కూర్చున్నాడు.

ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడిని పిలిచాం. రాగానే చొక్కా చేతులు మడిచాడు. ఆ రోజుల్లో మా వైపు ఏ మెకానిక్‌కైనా మందు ఒక్కటే.

“ఫార్మాట్ కొడ్దాం సార్. చాయ్ తాగి వచ్చేసరికి కొత్తదాని లెక్క ఉంటది.”

“కొడితే అప్‌డేట్లు?” అన్నాడు భాయ్.

“పోతయ్. మల్ల ఎక్కించుకోవాలె.”

“నల్లాల నీళ్లెప్పుడొస్తయో నువ్వు చెప్తవా?” అంటూ భాయ్ లేచి మెకానిక్‌కూ పెట్టెకూ మధ్య నిలబడ్డాడు. ఆయన ఎవరికైనా అడ్డం నిలబడటం నేను అంతకుముందు చూడలేదు.

ఇక్కడ మీరొక సంగతి తెలుసుకోవాలి. ఆ సాయంత్రం హెడ్డాఫీసు నుంచి మేనేజరు ఫోన్ చేశాడు. మా పేజీని ప్రస్తుతానికి మహబూబ్‌నగర్ వాళ్లు పెడతారన్నాడు. ఎల్లుండి సాయంత్రానికి కూడా మా మెషీన్ సిద్ధం కాకపోతే, పేజీ పని ఇక శాశ్వతంగా అక్కడికే వెళ్తుంది, ఆపరేటరునూ అక్కడికే బదిలీ చేస్తామన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు. ఖర్చు కలిసొస్తుందన్న ఉత్సాహం ఉంది. అది కోపం కన్నా ప్రమాదకరమని మీకూ ముందుముందు తెలుస్తుంది. భాయ్ మహబూబ్‌నగర్ వెళ్తే ఆత్మకూరులో పొద్దుటి దుకాణం ఉండదు. దుకాణం కావాలంటే ఉద్యోగం ఉండదు. కొత్తగా ఫార్మాట్ కొట్టి అప్‌డేట్లన్నీ మళ్లీ మా నల్లాలో పట్టుకుంటూ కూర్చుంటే ఆ గడువు దాటిపోతుంది. కాబట్టి చేయాల్సింది ఒకటే. చెడిన సిస్టమ్ ఫైళ్లు బాగుపడాలి, ఎక్కిన అప్‌డేట్లు ఎక్కినట్టే ఉండాలి.

మరునాడు మహబూబ్‌నగర్ వాళ్లు పెట్టిన మా పేజీ వచ్చింది. అందులో తిమ్మాజిపేట ఎడ్ల పందేలు ప్రముఖంగా ఉన్నాయి. తిమ్మాజిపేట నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. పొద్దున్నే ఒక పాఠకుడు ఫోన్ చేసి, “ఏంది సార్, మనం రాత్రికి రాత్రి తిమ్మాజిపేటను గెలుచుకున్నమా?” అని అడిగాడు. నేను నవ్వాను.

హెడ్డాఫీసు సిస్టమ్స్ విభాగంలో ఒకమ్మాయి ఉండేది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా విసుక్కోని మనిషి. ఆమె చెబుతుంటే భాయ్ నొక్కుతూ పోయాడు. ప్రతి కంప్యూటర్లోనూ సిస్టమ్ ఫైళ్లను సరిచూసే పనిముట్టు ఒకటి ఉంటుందట. లోపలే దాచిన మంచి నకళ్లతో పోల్చి, చెడినవి తీసేసి మంచివి పెడుతుంది. దాన్ని నడిపించాం. చాలాసేపు చూసి, చెడిన ఫైళ్లు దొరికాయి, కొన్నింటిని బాగుచేయలేకపోయానని చెప్పి ఊరుకుంది.

“ప్లగ్గు తీసినప్పుడు లోపల దాచిన నకళ్లు కూడా పాడయ్యాయి సార్,” అందామె.

“అంటే ప్రూఫ్ రీడర్ చేతిలో ఉన్న అసలు ప్రతిలోనే తప్పులున్నాయన్న మాట.”

“అంతే సార్. ముందు అసలు ప్రతిని దిద్దాలి. తర్వాతే ప్రూఫ్ రీడర్‌ని పిలవాలి.”

మామూలుగా అసలు ప్రతికి కావలసిన మంచి ఫైళ్లను మెషీనే నెట్టు నుంచి తెచ్చుకుంటుంది. కానీ అప్‌డేట్లు తెచ్చే భాగమే మా దాంట్లో దెబ్బతిన్న వాటిలో ఒకటి. మెకానిక్ తన దగ్గరున్న పాత డిస్కు తెచ్చి పెట్టాడు. మెషీను దాన్ని ముట్టనైనా ముట్టలేదు. అదే వెర్షను, అవే అప్‌డేట్లు ఉన్న చోటి నుంచి ఫైళ్లు రావాలని ఆమె చెప్పింది. పాత ఎడిషన్ చూసి కొత్త పేజీ దిద్దితే ఏమవుతుందో నాకు వేరే చెప్పనక్కరలేదు.

“మీ మెషీన్‌తో పాటే కొని పంపింది ఇంకొకటుంది సార్. అప్‌డేట్లు కూడా అన్నీ ఎక్కాయి. గద్వాల డెస్కులో,” అందామె.

గద్వాల పేరు వినగానే గదిలో అందరూ నా వైపు చూశారు.

గద్వాల డెస్కు ఇన్‌చార్జి నాకన్నా చిన్నవాడు, తమ్ముడు అనే పిలిచేవాణ్ణి, ఒకప్పుడు నా కిందే పని నేర్చుకున్నాడు. మనిషి మంచివాడు. మా మధ్య ఉన్నది ఒక్క జూరాల ప్రాజెక్టు. డ్యాముకు అటువైపు గద్వాల, ఇటువైపు మా ఆత్మకూరు. వరదొచ్చి గేట్లెత్తిన రోజు ఆ ఫొటో ఏ జిల్లా పేజీకి పోవాలన్నది ఏటా యుద్ధం. ఫొటోగ్రాఫరు మా ఆత్మకూరు మనిషి కాబట్టి ఫొటో ముందు నాకే వచ్చేది. నీళ్లు మావైపు నుంచే కనిపిస్తున్నాయని నేను వాదించేవాడిని. ఆ ఏడాది కూడా నేనే వేశాను. అప్పటి నుంచి మేము మాట్లాడుకోవడం లేదు.

“అడుగుదాం సార్. అడిగితే ఏంబోతది?” అన్నాడు భాయ్. ఆయన మాట మామూలుగానే ఉంది. చేతిలో మాత్రం బస్సు టికెట్టు ఒకటి సన్నగా చుట్టలు చుడుతున్నాడు.

మరునాడు పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. పెద్దాయనను రావద్దన్నాం. ఆయన వింటే కదా. “చెడగొట్టినోణ్ణి నేను, తోడన్న రావొద్దా?” అని, ఖాళీ హార్డ్ డిస్కును తువ్వాల్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాడు. ఆత్మకూరులో దిగి ఆటో మాట్లాడుకున్నాం. గాజుల దుకాణం ముందు నుంచి పోతుంటే భాయ్ భార్య గల్లా దగ్గర నుంచి చూసి, “ఏమాయె?” అన్నట్టు చెయ్యి తిప్పింది. ఆయన జవాబుగా గద్వాల వైపు చూపించాడు. జూరాల మీదుగా పోతున్నప్పుడు గేట్లన్నీ మూసే ఉన్నాయి. నేను అటు చూడలేదు.

గద్వాల ఆఫీసులో తమ్ముడు లేచి కుర్చీ వేశాడు, చాయ్ చెప్పాడు, తర్వాత పేపరు విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

“మీ మెషీన్ ఎట్లున్నది తమ్మీ?” అన్నాను.

“గేట్ల లెక్క ఉన్నదన్నా. గట్టిగ.”

విషయమంతా చెప్పాను. ప్లగ్గు దగ్గరికి వచ్చేసరికి పేపరు వణకడం మొదలైంది. చివరికి కింద పెట్టేసి కళ్లు తుడుచుకున్నాడు.

“మా దాన్నెందుకు పీకలేదో తెల్సా అన్నా? మీట లోపలికి దిగబడింది. ఒకసారి ఆపితే మల్ల లేవదు. ఎండకాలం కెల్లి దాన్ని ఆపనే లేదు. దసరాకు తలుపు కాడనే నిలబడి దూరం నుంచి హారతిచ్చినం.”

మెషీను మీద అట్టముక్క ఒకటి అంటించి ఉంది. “దీన్ని ఎవరూ ఆపరాదు” అని రాసి, కింద తమ్ముడు సంతకం కూడా పెట్టాడు. వాళ్ల మెషీను ఆరోగ్యానికి కారణం దాని రోగమే.

“ఫైళ్లు ఇస్త అన్నా. కానీ వచ్చే వానకాలం మొదటి గేట్ల ఫొటో నాది.”

నేను చాయ్ చివరి గుక్క దాకా తాగాను. ఆ ఆలస్యాన్ని ఇప్పుడు తలుచుకుంటే నాకే నవ్వొస్తుంది. ఒక మనిషి ఉద్యోగం ఒకవైపు, ఇంకా రాని వరద ఫొటో ఇంకోవైపు. తూకం వేస్తున్నాను.

“ఇచ్చేయండి సార్. గేట్లు మనం ఇంటికి తీస్కపోతమా?” అన్నాడు భాయ్.

ఇచ్చేశాను.

నకలు తీయడం మొదలైంది. సగంలో కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె కుయ్ కుయ్ మనడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు వినగానే పెద్దాయన రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. పక్కనే మొబైల్ దుకాణంలో ఇన్వర్టర్ ఉందని తమ్ముడు పరుగెత్తాడు. కాసేపటికి కిటికీలోంచి ఒక వైరు లోపలికి వచ్చింది, దాని వెనక దుకాణాదారు తల వచ్చింది.

“జర జల్ది కానీండ్రి భాయ్, నా ఫ్యాను బంద్ చేస్కొని ఇస్తున్న.”

నకలు పూర్తయింది. తిరుగు ప్రయాణంలో ఆటో ఎక్కాక హార్డ్ డిస్కు చూస్తే దాని మీద కుంకుమ బొట్టు ఉంది.

“ఇదెప్పుడు పెట్టినవు?” అన్నాడు భాయ్ గాభరాగా.

“ఆగి ఉన్నది గద భాయ్,” అన్నాడు పెద్దాయన.

వైరు దూర్చే రంధ్రంలో కుంకుమ పడిందేమోనని భాయ్ జూరాల దాటేదాకా ఊదుతూనే ఉన్నాడు.

వనపర్తి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ సాయంత్రమే గడువు. ఫోన్లో అమ్మాయి చెప్పినట్టు భాయ్ గద్వాల ఫైళ్ల దారి చూపించి, అసలు ప్రతిని దిద్దే పని మొదలుపెట్టాడు. నల్లటి తెర మీద తెల్లటి గీత ఒకటి కొంచెం కొంచెం పాకింది. సగం దాటాక నిలిచిపోయింది. మేం చాయ్ తాగాం. గీత కదల్లేదు. నేను వార్తలన్నీ దిద్దేశాను. గీత కదల్లేదు. ఎలా ఉందో చూడటానికి మెకానిక్ వచ్చాడు.

“హ్యాంగ్ అయింది సార్. ఆపి మల్ల ఆన్ చేద్దాం.”

ఫోన్లో అమ్మాయి, అది అలా ఆగినట్టే కనిపిస్తుంది, ముట్టుకోవద్దని చెబుతోంది. మెకానిక్ తల అడ్డంగా ఊపుతున్నాడు. మహబూబ్‌నగర్ నుంచి, మీ పేజీ మేం మొదలుపెట్టాలా అని ఫోను. భాయ్ చెయ్యి మీట దాకా పోయి వెనక్కి వచ్చింది.

పెద్దాయన వచ్చి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. మిల్లులో అలాగే చూసేవాడట.

“లోపల తిరుగుతున్నది. ఒద్దు, ముట్టకుండ్రి,” అన్నాడు. తర్వాత ప్లగ్గు కింద కుర్చీ వేసుకుని, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. “ఇగ నన్ను దాటి పోండి.”

మహబూబ్‌నగర్ వాళ్లను ఆగమన్నాను. మెకానిక్ కూడా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. మేం అందరం ఒక గీతను చూస్తూ కూర్చున్నాం. చదువుకున్నవాళ్లం, జీతాలు తీసుకునేవాళ్లం.

గీత ఒక్కసారిగా కదిలి చివరిదాకా పోయింది. తర్వాత ప్రూఫ్ రీడర్ను పిలిచాం. చెడిన ఫైళ్లు దొరికాయి, అన్నింటినీ బాగుచేశానని ఈసారి చెప్పింది. ఆపి మళ్లీ లేపాం. భాయ్ ముందు అప్‌డేట్ల పట్టిక తెరిచాడు. నల్లాలో పట్టిన చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆయన రుమాలుతో తెర మీది పాత కుంకుమ తుడిచి, పేజీ తెరిచి, చప్పుడు లేకుండా టైపు చేయడం మొదలుపెట్టాడు.

పేజీ గడువులోపే వెళ్లింది. మేనేజరు ఫోన్ చేసి అభినందించాడు. కొంచెం నిరాశ కూడా వినిపించింది.

మరుసటి వానకాలం గేట్లెత్తిన ఫొటో మాట ప్రకారం గద్వాలకు పోయింది. మా పేజీలో డ్యాము మీద మక్క కంకులు కాల్చి అమ్మే ఆమె ఫొటో వేశాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

“అన్నా, ఆమె ఎనక తెల్లగ అదేంది?”

“పొగ తమ్మీ. కంకుల పొగ.”

ఆ తర్వాత దసరా వచ్చింది. సెలవు కాబట్టి భాయ్ మళ్లీ అప్‌డేటు పెట్టాడు. ఈసారి పండగ పొద్దున తనూ ఆత్మకూరు నుంచి వచ్చేశాడు. నేను కొబ్బరికాయ పట్టుకుని లోపలికి వెళ్లేసరికి పెద్దాయన కుంకుమ పళ్లెంతో తెర ముందు కూర్చుని ఉన్నాడు. చుక్కల చక్రం తిరుగుతోంది.

“ఏంది పెద్దాయనా, ముహూర్తం పోతున్నది.”

“పోనీ సార్. నిరుడు నేను ఆపిన. ఈసారి దానంతట అదే ఆగాలె.”

ఎదురుచూశాం. విలేకరులు ఆకలంటే పూజకు ముందే ప్రసాదం పెట్టేశాం. చాలాసేపటికి చక్రం మాయమైంది, తెర నల్లబడింది. పెద్దాయన వేలికి కుంకుమ అద్దుకుని లేచాడు. వేలు తెర దగ్గరికి పోయేసరికి చక్రం మళ్లీ ప్రత్యక్షమైంది.

“ఇంకా రెండుసార్లు ఆరుతది, లేస్తది. కూసో,” అన్నాడు భాయ్.

ఆయన కూర్చున్నాడు. ఎత్తిన వేలు మాత్రం దించలేదు. ఇంక చేసేదేం లేక, మిల్లులో వేలు పోయినవాడి కథ మొదలుపెట్టాడు. ఆ ఏడాది మొదటిసారి భాయ్ దాన్ని చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

మరునాడు మధ్యాహ్నం దుకాణం భార్యకు అప్పగించి, ఎప్పటి బస్సుకే వచ్చి, మీట నొక్కాడు. మెషీను బొట్టుతో లేచింది.